ఐదో పేలుడు

నేను డిగ్రీలో రసాయనశాస్త్రం చివరి ఏడాది చదువుతుండగా మా చేలో బోరు ఎండిపోయింది. ఇంకో బోరు వేయించే ధైర్యం లేక, మా నాయన తాతల నాటి బావినే లోతు చేయించాలనుకున్నాడు. అడుగున అంతా రాయే. దాన్ని పగలగొట్టడానికి కుందుర్పి నుంచి, రాతిలో మందు తూటాలు పెట్టి పేల్చే లైసెన్సున్న మనిషిని పిలిపించాడు. సన్నగా, అరవైకి దగ్గరగా ఉండేవాడు. అందరూ ఆయనను మామా అనేవాళ్లు. నేనూ అలాగే పిలిచాను.

ఆ మధ్యాహ్నం సంగటి, ఊరుబిండి పచ్చడి తీసుకుని నేను చేనికి వెళ్లేసరికి, మామ వత్తులు అంటించి బావిలోంచి పైకి వస్తున్నాడు. అందరినీ దూరంగా గట్టు వెనక్కి తరిమాడు. ఒక్కో పేలుడుకీ ఒక్కో వేలు మడిచాడు. బొటనవేలు మిగిలిపోయింది.

పొగ పలచబడగానే నాయన లేచాడు.

"యాడికి పోతాండావు? కూచో" అన్నాడు మామ. "ఐదు అంటించినా. నాలుగే ఇనబడినాయి."

"రెండు ఒక్కసారే పేలినాయిలే అన్నా. శెనక్కాయ చెట్లు వాడిపోతాండాయి, ఈడ కూచుంటే ఎట్లా?"

నాయన రెండడుగులు వేశాడో లేదో, మామ వెనకనుంచి చొక్కా పట్టి లాగి కింద కూలేశాడు. నాయనకు కోపం ముంచుకొచ్చింది. కూతురి ముందు అవమానమనుకున్నాడేమో, నోటికొచ్చినట్లు తిట్టాడు. మామ చొక్కా మాత్రం వదల్లేదు.

అరగంట అట్లాగే కూర్చున్నాం. అప్పుడు బావి దద్దరిల్లింది. రాళ్లు పైకెగిరి, మేం దాగిన గట్టుదాకా వచ్చి పడ్డాయి. చెమ్మ తగిలిన వత్తి లోలోపల రాజుకుంటూ ఉండిపోయిందట.

నాయన నా చేతిలోని గిన్నె తీసుకుని, తొలి ముద్ద మామ పళ్లెంలో పెట్టాడు. "తిను అన్నా" అన్నాడు.

ఇప్పుడు నేను రాయదుర్గంలో పాఠాలు చెబుతున్నాను. పోయిన ఏడాది నైట్రోగ్లిజరిన్ పాఠం వచ్చింది. చిన్న కుదుపుకే పేలే ఆ నూనెను మొదట తయారుచేసిన ఇటలీ శాస్త్రవేత్త, దాన్ని చూసి తానే భయపడ్డాడు. తర్వాత స్వీడన్ మనిషి ఒకాయన, పేలుడులో సొంత తమ్ముణ్ణి పోగొట్టుకుని కూడా వదలకుండా, ఆ నూనెను గుల్లమట్టిలో ఇంకించి అదుపులోకి తెచ్చాడు. అదే డైనమైట్. ఇదంతా చెప్పాక కూడా నాకు పాఠం పూర్తయినట్లు అనిపించలేదు. మామకు ఫోన్ చేసి రమ్మన్నాను.

ఉతికిన తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు. భయం వేయదా అని పిల్లలడిగితే, "పేలినదానికి కాదు నాయనా, పేలనిదానికి భయపడల్ల" అన్నాడు.

క్లాసు అయ్యాక, టీ తాగుతూ మెల్లగా అడిగాడు: "వయసులో ఉన్నప్పుడు ఆ పాత తూటాలు ముట్టుకున్న దినమంతా తల పగిలిపోయేదమ్మా. ఇప్పటివాటికి రాదు. తలకాయలో ఏమన్నా గడ్డ ఉండాదేమోనని ఎవురికీ చెప్పలే. ఏందంటావు?"

పాత తూటాల్లో ఉండే నైట్రోగ్లిజరిన్ నూనె చర్మంలోంచి ఒంట్లోకి ఇంకి రక్తనాళాలను వెడల్పు చేస్తుందని, తలనొప్పి అందుకేనని, ఇప్పటివాటిలో ఆ నూనె ఉండదని చెప్పాను. గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకోమని డాక్టర్లిచ్చే మాత్రలో ఉండేది కూడా, అతికొద్దిగా, అదేనన్నాను. ఆయన తన అరచేతులు తిప్పి తిప్పి చూసుకున్నాడు.

"అయితే రోగం కాదా?"

"కాదు మామా."

అక్కడికక్కడే భార్యకు ఫోన్ చేశాడు. "ఏమే, నా తలకాయలో ఏమీ లేదంట!" అని గట్టిగా అరిచాడు. అవతల ఆమె ఏమందో గానీ, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాడు.

నా చదువు ఎవరికైనా ఇంత పనికొచ్చిందని నాకు అంతకుముందెప్పుడూ అనిపించలేదు. అది ఆయనకే పనికొచ్చినందుకు మరీ సంతోషం. బస్టాండుదాకా వెళ్లి ఎక్కించాను. రాయదుర్గంలో కుట్టి బయటికి పంపే జీన్స్ ప్యాంట్ల మూటల మధ్య ఇరుక్కుని, కిటికీలోంచి చేయి ఊపాడు.