రిటైరైన మీనా మళ్లీ డ్యూటీ చేసిన టీకొట్టు

రిటైరైన ఆర్మీ కుక్కల్ని ఇళ్లకు దత్తత ఇస్తారని తెలిసినప్పటి నుంచీ నాకు మనశ్శాంతి లేదు, నా వల్ల మావారికీ లేదు. "ముందు అలాంటి కుక్క ఉన్న ఇల్లొకటి చూసిరా, తర్వాత మాట్లాడదాం" అన్నారాయన. అలా మొన్న శనివారం ఉదయం ఆరున్నరకి విజయవాడలో జగ్గయ్యపేట బస్సెక్కాను. కంచికచర్లలో కాసేపు ఆగి, నందిగామ చేరేసరికి ఎనిమిదైంది. టికెట్టు వంద లోపే. అక్కడి నుంచి చందర్లపాడుకి షేర్ ఆటోలో ముప్పై రూపాయలు.

నేను వెళ్లింది హవల్దారుగా రిటైరైన నరసింహారావుగారింటికి. పేలుడు పదార్థాల వాసన పట్టే లాబ్రడార్ మీనాతో ఆయన సరిహద్దులో ఆరేళ్లు పనిచేశారు. దాని సర్వీసు కూడా అయిపోతే నెల కిందట ఇంటికి తెచ్చుకున్నారు. గుమ్మంలోనే ఆయన భార్య సుజాతగారు ఎదురొచ్చారు.

"మంచి రోజే వచ్చారండి! పది రోజుల్నించి అది సరిగ్గా ముద్ద ముట్టట్లేదు. చికెన్ ఉడికించి అన్నంలో కలిపి పెడుతున్నా. ఈయన్నైనా ఇంత బతిమాలలేదు నేను."

నందిగామ పశువుల డాక్టరు పరీక్షలు చేసి జబ్బేం లేదన్నారట. జగ్గయ్యపేటలో ఇంకొకరికి చూపిద్దామని రానూపోనూ ఎనిమిది వందలకి ఆటో మాట్లాడి ఉంచారు. సుజాతగారు మీనాకి అన్నం డబ్బా కట్టిస్తే, నేనూ ఎక్కి కూర్చున్నాను. దారంతా మీనా ఆయన పాదాల మీద తల పెట్టి పడుకుంది. చూస్తుంటే నాకు దిగులేసింది.

"బంతితో ఆడించట్లేదాండీ?" అనడిగాను.

"ఇనప్పెట్టెలో పెట్టి తాళమేసానండి. పేలుడు సరుకు కనిపెట్టినప్పుడే దానికి బంతి. ఇప్పుడది చూస్తే మళ్లీ డ్యూటీ గుర్తొస్తది. ఎంత కష్టపడిందో నాకు తెలుసు, ఇంక చాలు."

నాకూ అది న్యాయంగానే తోచింది.

జగ్గయ్యపేట డాక్టరుదీ అదే మాట, ఒంట్లో ఏమీ లేదని. నరసింహారావుగారి మొహం వాడిపోయింది. ఊరి బయట టీకొట్టు దగ్గర ఆగాం. ఆ చుట్టుపక్కల సున్నపురాయి క్వారీలున్నాయి. బెంచీ మీద బూట్లకి తెల్లదుమ్ము పట్టిన ఒకాయన ఇడ్లీ తింటున్నాడు. మీనా ఉన్నట్టుండి ముక్కు పైకెత్తింది. గొలుసు లాక్కుంటూ వెళ్లి ఆయన బూట్లు వాసన చూసి, ఎదురుగా కూర్చుంది. మొరగలేదు. ఆయన్ని చూసి, తిరిగి నరసింహారావుగారిని చూసింది.

"కదలొద్దండి!" అన్నారు నరసింహారావుగారు.

పాపం, ఇడ్లీ ముక్క ఆయన చేతిలోనే ఉండిపోయింది. "నేనేం చేసానండీ?"

"ఏం చెయ్యలేదు. మీరేం పని చేస్తారు?"

"క్వారీలో బ్లాస్టింగండి. స్నానం చేసే వచ్చానండీ!"

కొట్టంతా నవ్వింది. నరసింహారావుగారు నవ్వలేదు. అలా ఎదురుగా కూర్చోవడమే సరుకు దొరికిందని అది చెప్పే తీరట. మీనా చెప్పింది నిజం, నిజం చెప్తే బంతి రావాలి. ఆరేళ్లలో ఒక్కసారి కూడా ఆయన ఎగ్గొట్టలేదట. బంతేమో ఇంట్లో ఉంది. ఒక్క క్షణం తడుముకుని, భుజం మీది తువ్వాలు లాగి ముడులేసి "శాబాష్ మీనా!" అంటూ విసిరారు. అది ఎగిరి పట్టుకుంది. ఇక రోడ్డు పక్కన ఆయనొక కొస, అదొక కొస, ఒకటే లాగులాట. పది నిమిషాల తర్వాత డబ్బా తీస్తే అడుగంటా నాకేసింది. నాకెంత సంతోషమేసిందో చెప్పలేను. ఆయన చొక్కా చేతితో కళ్లు తుడుచుకున్నారు.

"రెస్టిచ్చాననుకున్నానండి. తనేదో తప్పు చేసినందుకే బంతి ఆపేసానని అది కుమిలిపోయింది."

క్వారీ ఆయన చెయ్యి కడుక్కొచ్చి, మీనాది ఏ ఊరో అడిగి, దాన్ని తనివితీరా చూశాడు. "మా అత్తగారిది చందర్లపాడేనండి. ఆదివారాలు మీ ఇంటికి రమ్మంటారా? ఈ బూట్లతోనే వస్తా."

తిరుగు బస్సులో చాలాసేపు మీనా గురించే ఆలోచించాను. యుద్ధాలు మనవి, శత్రుత్వాలూ మనవే. దానికి తెలిసిందల్లా వెతకడం, ఆయన మెప్పు పొందడం. నేను దత్తతకి దరఖాస్తు పెడతాను. కానీ మెత్తటి పరుపు కొనేముందు దాని ఆట నేర్చుకుంటాను. మీరూ ఇలాంటి ఇంటికి వెళ్తే ఒక్కటి గుర్తుంచుకోండి. కుక్క వచ్చి మీ ముందు నిశ్శబ్దంగా కూర్చుంటే ముద్దొచ్చిందని నిమరకండి, బిస్కెట్టు పెట్టకండి. దాని మనిషిని పిలిచి కదలకుండా ఉండండి. దాని జీతం ఆయన చేతిలో ఉంది.