గోరు బాబాయ్ ఎర్ర డబ్బా

పంపుల్లో వేసే రబ్బరు రింగులు చేసే ఆ ఫ్యాక్టరీలో ఆయన్ని అందరూ గోరు బాబాయ్ అనేవాళ్ళు. తనిఖీ బల్ల దగ్గర ఇరవై రెండేళ్ళు కూర్చున్నాడు. కుడి బొటనవేలి గోరు పెంచి, ప్రతి రింగు అంచు చుట్టూ ఒకసారి తిప్పేవాడు. అచ్చులోంచి వచ్చిన పొర వెంట్రుకంత మిగిలినా గోటికి తగిలేది. తగిలితే పనికిరానివి పడేసే ఎర్ర డబ్బాలోకే. కొలిచే యంత్రం కొన్నారు గానీ, అది నిజం చెప్పిందో లేదో తేల్చడానికి మళ్ళీ ఆ గోటినే పిలిచేవాళ్ళు. ఇంట్లో ఆ చేత్తో తలుపు గడియ కూడా తీసేవాడు కాదు. "పెళ్ళానికి లేని వైభోగం ఆ గోటికి!" అని భార్య దెప్పేది.

ఆ ఏడాది ఎక్కడో సముద్రంలో ఓడలు ఆగిపోయి, ఎప్పుడూ వచ్చే రబ్బరు రాలేదు. మేనేజరు ఎవరి దగ్గరో నాసిరకం తెప్పించాడు. రింగులు అంచున పొరతో ఊడిపడ్డాయి. మధ్యాహ్నానికే ఎర్ర డబ్బా నిండిపోయింది.

రింగులు అచ్చొత్తే మూడో ప్రెస్సు నడిపేది ఆయన బావమరిది. బల్ల దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"బావా, మంచి రబ్బరు వచ్చేదాకా కాస్త కళ్ళు మూసుకో."

"చూసేది కళ్ళతో కాదురా, గోటితో."

"అయితే దానికే గుడ్డ కట్టు. నీ సొమ్మేం పోయింది?"

"రేపు పంపు కారితే తిట్టేది నన్నేరా."

"నిన్నా? ఆ కొనేవాళ్ళకి నువ్వు పుట్టావని కూడా తెలీదు!"

పక్కవాళ్ళు నవ్వారు. ఆయనా నవ్వాడు. ఒక్క రింగు మాత్రం వదల్లేదు.

నెలాఖరుకి ఆయన సంతకంతో రిపోర్టు కొనే కంపెనీకి వెళ్ళింది: అయిదింట ఒకటి పనికిరాదు. వారం తిరక్కుండా జవాబొచ్చింది. ఆర్డరు వేరే దేశానికి పోయింది, అచ్చులు విప్పి పెట్టెల్లో సర్దమన్నారు. నలభై మందిని నిలబెట్టి మేనేజరు ఆ కాగితం చదివాడు. కారణం దగ్గర గోరు బాబాయ్ రాసిన అంకే ఉంది. ఎవరూ తిట్టలేదు. బావమరిది దగ్గరికొచ్చి, ఆ చెయ్యి పట్టుకుని, గోటిని తిప్పి తిప్పి చూసి వదిలేశాడు. ఇంట్లో భార్య కంచం పెట్టి గోడవైపు తిరిగి కూర్చుంది.

ఆయన్నొక్కణ్ణే ఉంచుకున్నారు. ఇక రింగులు అక్కడ తయారై ఇక్కడికొస్తాయి, చూసి ముద్ర వెయ్యాలి. రెండు నెలలకి మొదటి విడత పెట్టెలు వచ్చాయి. మొదటి రింగుకే గోరు తగిలింది. రెండోదానికీ తగిలింది. ఇరవయ్యోదానికీ. రింగు పట్టుకుని మేనేజరు గదికి పరుగెత్తాడు.

"సార్, ఇవి మనవాటికంటే అధ్వానం!"

మేనేజరు తలెత్తకుండా కొత్త డ్రాయింగు ముందుకు జరిపాడు. "అక్కడ సరిగ్గా రావట్లేదని కొనేవాళ్ళే కొలత సడలించారు. ఈ మాత్రం పొర ఉండొచ్చట. ఇప్పుడివి మంచివే."

"మరి మనం పారేసినవి?"

"ఈ కొలతకైతే అవీ మంచివే. వెళ్ళి ముద్ర వెయ్యి బాబాయ్. నువ్వు వెయ్యకపోతే వేసేవాళ్ళు గేటు బయట నలభై మంది ఉన్నారు."

సాయంత్రానికి పెట్టెలన్నిటికీ ముద్ర పడింది. పనేమైనా దొరుకుతుందేమోనని రోజూ వచ్చే బావమరిది గేటు దగ్గర ఎదురయ్యాడు.

"ఏం బావా, వాళ్ళ సరుకు బాగుందా? గోటికేం తగల్లేదా?"

ఆయన కుడిచెయ్యి జేబులో దాచుకున్నాడు. బావమరిది బయటికి లాగాడు. బొటనవేలి గోరు మొదలంటా కత్తిరించి ఉంది. అంచున రక్తం ఎండిపోయింది.

బావమరిది పకపకా నవ్వాడు.

"ఇదేదో మూణ్ణెల్ల క్రితం చేసుండాల్సింది, బావా."