బానెట్టు మీద మిగిలిపోయిన రెండు మాటలు

దేవునికి స్తోత్రం. పనికిరాని చేతులకు పని నేర్పించి, తెలివితక్కువ భక్తిని కూడా తోసివేయకుండా ఓపిగ్గా దిద్దుతూ వచ్చిన ఆయనకే మహిమ కలుగును గాక. ఇరవై రెండేళ్ళప్పుడు నాలో భక్తి ఎంత ఉండేదంటే, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక కనిపించిన చోటల్లా పెట్టేసేవాణ్ణి. సండేస్కూల్లో పిల్లలకు వాక్యం చెప్పేవాణ్ణి, బస్సులో పక్క సీటాయనకూ చెప్పేవాణ్ణి (ఆయన తన స్టాపు రాకముందే దిగిపోయేవాడు). ఆ రోజుల్లోనే గోపాలపట్నంలో బళ్ళకు రంగులు వేసే ఒక షెడ్డులో పనికి కుదిరాను.

షెడ్డు మేస్త్రీ సముద్రం ఒడ్డు మనిషి. ఇంట్లో అందరూ చేపల వేటకు పోతే, ఈయన పడవలకు రంగులు వేస్తూ వేస్తూ బళ్ళ మీదకు వచ్చాడు. నన్ను "పాస్టరూ" అని పిలిచేవాడు. నేను చేరి నెల తిరక్కముందే ఆనందపురం నుంచి ఒక పాతకాలం ట్రాక్టరు వచ్చింది. అది మా చర్చి సంఘపెద్దగారిది. ప్రార్థనలో అందరికంటే ముందు ఆయన గొంతే లేస్తుంది కాబట్టి మేమంతా హల్లెలూయ పెదనాన్న అనేవాళ్ళం. ఆదివారం కోత పండుగకు తొలిపంట బస్తాలు ఆ ట్రాక్టరు మీదే చర్చికి రావాలి. "పాస్టరూ, బానెట్టు నీది. పాత రంగంతా ఊడదీసి ఇనుము తెల్లగా కనపడాల. బాగా సేత్తే ఉంటావ్, నేదంటే సోమారం నుంచి రావద్దు," అన్నాడు మేస్త్రీ. ఇంట్లో నాకు అప్పటికే మూడు ఉద్యోగాలు పోగొట్టుకున్నవాణ్ణని పేరు. (మూడింటికీ కారణం ఒకటే: డ్యూటీలో ప్రసంగం.) ఇదీ పోతే నాన్నకు ముఖం చూపించలేను.

కిరసనాయిలుతో జిడ్డు కడిగాను, రంగు మెత్తబడే మందు పూశాను, గీకుడు రేకుతో గీకాను, ఎమ్రీ కాగితంతో వేళ్ళు మండేదాకా రుద్దాను. రెండు రోజుల్లో బానెట్టు తళతళలాడింది, ఒక్క చోట తప్ప. అక్కడ తెల్ల అక్షరాలతో "దేవుని బహుమానం" అని రాసి ఉంది. రేకు ఆనించగానే చెయ్యి ఆగిపోయింది. దేవుని పేరు నేనెలా గీకుతాను? ఒక పూట ఉపవాసముండి ఆలోచించాను (ఆకలి తప్ప ఇంకేమీ తోచలేదు). చివరికి ఆ రెండు మాటల చుట్టూ టేపు అంటించి, మిగతా అంతటా తుప్పు పట్టకుండా వేసే ఇటుకరంగు రెడాక్సైడు పూసేశాను.

శుక్రవారం మేస్త్రీ చూశాడు. "ఏటిరా ఇది? నడిమధ్యన దీవిలాగ ఒగ్గేసినావ్?"

"దేవుని పేరు మేస్త్రీ."

ఆయన స్క్రూడ్రైవరుతో తట్టాడు. రంగు పెచ్చు లేచి ఎర్రటి పొడి రాలింది. "సూడు, లోపలంతా తుప్పే. దీని మీద రంగేత్తే నెల్లాళ్ళకి బుడగలొచ్చేత్తాయి. గీకు."

"నా వల్ల కాదు. మీరే గీకండి."

ఆయన రేకు అందుకున్నాడు. అక్షరాల వైపు ఓసారి చూసి, మళ్ళీ నా చేతిలోనే పెట్టేశాడు. "నా ఇల్లు సముద్రం ఒడ్డునుంది బాబూ. నాను ఏ దేవుడితోటీ తగువెట్టుకోను."

శనివారం పొద్దున్నే పెదనాన్న వచ్చాడు. నా భక్తికి కౌగిలించుకుంటాడని రెండు చేతులూ తుడుచుకుని మరీ నిలబడ్డాను. "ఇదొక్కటీ ఎందుకొగ్గేసినావురా?" అన్నాడు. దేవుని మాట కదా పెదనాన్నా, ప్రాణం ఒప్పలేదన్నాను. "దేవుని మాటేటిరా, నా సేతిరాత! డబ్బాలో రంగు మిగిలిపోతే రాసినాను. ఆ వంకర సూడు, సూసినప్పుడల్లా సిగ్గేత్తాది," అంటూ రేకు లాక్కుని, స్తోత్రం స్తోత్రం అంటూ రెండు నిమిషాల్లో గీకి పారేశాడు. (ఆ రెండు నిమిషాలూ మేస్త్రీ షెడ్డు బయటే ఉన్నాడు.) తుప్పు రాలిపోయాక బొటనవేలు దూరేంత కంత బయటపడింది. దానికి రేకు ముక్క అతికి, ఎగుడుదిగుళ్ళు పూడ్చే లప్పం పట్టించి, అది ఆరేసరికి సాయంత్రమైపోయింది. ఇక రంగెప్పుడు వేస్తాం? ఆదివారం ట్రాక్టరు ఉత్త రెడాక్సైడుతోనే, బంతిపూల దండలేసుకుని చర్చికి వెళ్ళింది. నేను చివరి వరుసలో తల వంచుకుని కూర్చున్నాను. అందరూ పంట కోసం స్తుతిస్తుంటే, నేను మర్నాటి నుంచి ఉండని పని కోసం ఏడుస్తున్నాను.

సోమవారం నా టిఫిను డబ్బా తెచ్చుకుందామని షెడ్డుకు వెళ్ళాను. మేస్త్రీ అప్పుడే ఫోను పెట్టేసి నన్ను ఎగాదిగా చూశాడు. "ఆనందపురం నుంచి ఇద్దరు ఫోను సేసినారు. పెద్దాయన బండి రంగు శానా బాగుందట. ఆళ్ళ ట్రాక్టర్లకీ అదే కావాలట. అది రంగు కాదయ్యా అంటే ఇంటారేటి?" నవ్వాపుకోలేక ఆయన పొట్ట ఊగిపోతోంది. గీకుడు రేకు నా ముందు పడేశాడు. "ఒకదాని మీద ఏసు బొమ్మ, ఇంకోదాని మీద అప్పన్న సామి నామాలు ఉన్నాయట. ముందు అయ్యే గీకు. నాను టీకి పోతాను."

ఇప్పుడు నాకే సొంత షెడ్డు ఉంది. ఏ బండి వచ్చినా ముందు పేర్ల కిందే చూస్తాను, చూసిన వెంటనే గీకేస్తాను, గీకుతూనే ఫోనులో ఇంకో బేరం మాట్లాడతాను. చెయ్యి ఆగదు. పని బాగానే సాగుతోంది, దేవునికి వందనాలు. కానీ రెండు మాటల కోసం అన్నం మానేసిన ఆ వెర్రివాడు గుర్తొస్తే నవ్వొస్తుంది, ఆ నవ్వు చివర కాస్త బెంగ కూడా. వాడి తెలివి నాకొద్దు గానీ, వాడి చేతిని ఆపిన ఆ భయంలో ఒక పిసరు నాకు తిరిగి ఇమ్మని, చదివినవారు నాతోపాటు ఒక్క మాట ప్రార్థించండి. ఆమేన్.