ఆపిల్ రసానికి సాక

జనగామలో ఆపిల్ సైడర్, అదే ఆపిల్ కల్లు, ఎవరు చేస్తారని అడిగితే ఇక మా పేరు చెప్పండి. నేను, శ్రీను, రాజేందర్ కలిసి పోయిన నెల ఆపిల్ పళ్ల రసం తీసి, ఈస్ట్ కలిపి, శ్రీను వాళ్లింట్లో జాడీలో పులియబెట్టాం. ఈ రోజు సాయంత్రం వడగడితే తేటగా, బంగారు రంగులో వచ్చింది.

శ్రీను వాళ్ల అవ్వకు మాత్రం అది ఒంటికి మంచిచేసే పండ్లరసమనే చెప్పాం. ఆమె మంచం మీద నుంచి చూస్తుండగానే గ్లాసుల్లో పోసుకున్నాం. తాగబోయే ముందు శ్రీను, తాటివనంలో కల్లు తాగేటప్పుడు చేసినట్టే, వేలు ముంచి ఎల్లమ్మ తల్లికి సాకగా రెండు చుక్కలు నేల మీద చల్లాడు.

అవ్వ వక్క నమలడం ఆపింది.

"ఏందిరా, పండ్లరసానికి సాక ఎవడన్న పోస్తడా?"

శ్రీను మెల్లగా, "అలవాటైందే అవ్వా," అన్నాడు.

అవ్వ అతని చేతిలోని గ్లాసు అందుకుని నింపాదిగా ఖాళీ చేసింది. "ఒంటికి మంచిదంటిరి గద. రోజు మాపటికి నాక్కూడ ఇంత పోయుండ్రి."

సైడర్ చేయడం మాకు వచ్చేసింది. శ్రీను చేతిని ఆపే ఉపాయం మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి.