కాలు కింద పెట్టని యోహాను

చెప్తా, కానీ నడిమధ్యలో ఎవురూ అడ్డం తగలొద్దండి. తిక్క రేగితే లేచి పోతా, ఆమైన మీ ఇష్టం.

కర్నూలు రాజధాని అయిన ఏడు, 1953లో, ఆళ్లగడ్డ సంత బయల్లో యోహాను అనేటాయన సైకిలెక్కినాడు. ఊరు జూపాడు బంగ్లా. ఏడు దినాలు దిగకుండా గుండ్రంగా తొక్కుతాడంట. కాలు నేలకు తగిలితే ఓడినట్లే. ఊరూరా తిరిగి అట్ల తొక్కేదే ఆయప్ప బతుకుదెరువు. బస్టాండుకాడ నాది బాడుగ సైకిళ్ళ అంగడి. "శేషయ్యా, సైకిలు సంగతి నీకు తెలుసు, కాలు కింద పడతాదేమో నువ్వే చూడు" అని ఊరోళ్ళు నన్ను కాపలా పెట్టినారు.

నాకు పుట్టుకతోనే ఒక రోగముంది. ఏదన్నా ఎరుకయ్యేదాకా కూడు సయించదు. ఈ మనిషి ఎట్ల తింటాడు? ఎట్ల కునుకు తీస్తాడు? కండ్లు పెద్దవి చేసుకొని చూస్తాంటి. ఒక చేత్తో హ్యాండిలు పట్టుకొని ఇంకో చేత్తో సంగటి తినేటోడు. అద్దం హ్యాండిలుకు కట్టుకొని గడ్డం గీసుకునేటోడు. కడవతో నీళ్ళు పోస్తాంటే తొక్కుతానే స్నానం. ఒంటికి పోవాలంటే నలుగురు దుప్పట్లు పట్టుకొని ఆయప్పతో పాటు చుట్టూ పరిగెత్తేటోళ్ళు. నవ్వొద్దండి, ఆ నలుగురిలో నేనూ ఒకన్ని.

ఏడో దినం నాకు పురుగు తొలిచింది. ఏం చెప్తే ఈ మనిషి దిగుతాడు? జనం "పాము! తేలు! దిగు, దిగు!" అని అరుస్తాంటే నవ్వుతా తొక్కుతాండాడు. పెండ్లాం లూదియా కడుపుతో పుట్టింట్లో ఉందని ముందుదినమే నన్ను నమ్మి చెప్పుకున్నాడు. నేనేం చేసినా? దగ్గరికి పోయి, "దిగప్పా యోహానూ! మీ అత్తగారి ఊరినుంచి మనిషొచ్చినాడు. లూదియాకు నెలలు నిండకనే నొప్పులంట, బతికేది కష్టమంట!" అన్యా.

మనిషి మొగంలో నెత్తురు లేకుండా పోయె. కాలు పెడలు మింది నుంచి జారె. జానెడు దూరంలో నేల. మళ్ళా పెడలు మిందికే పోయె. ఏడుస్తా తొక్కినాడు గానీ దిగలే.

సాయంత్రం ఆట ముగిసినంక, మెడలో దండలు ఉండంగానే బస్సెక్కి ఉరికినాడు. ఆడ లూదియా గడపలో కూచోని చింతకాయలు తింటాందంట. వారానికి వచ్చి నా అంగడి ముందర నిలబడె. కొడతాడనుకుంటి.

"ఎందుకన్నా అట్ల చెప్పినావ్?"

"నువ్వు దిగుతావో లేదో చూద్దామని."

"చూసినావు గదా" అనె. అంతే. సిగ్గుతో చచ్చిపోతి. అప్పటినుంచి ఆయప్ప సైకిలు మరమ్మతు నా చేతి మీదనే.

మూడేండ్లకు బేతంచెర్లలో అయిదోదినం సోయి తప్పి బండల మింద పడినాడు. లూదియా ఊరుకుంటుందా? "ఏడు దినాలు తొక్కి యాడికి పోయినావ్? ఎక్కినకాడే దిగితివి. తొక్కితే ముందుకు పొయ్యేది తొక్కు. లేకుంటే నీ సైకిలూ వద్దు, నువ్వూ వద్దు" అని బిడ్డను చంకనేసుకొని పుట్టింటికి పోయె.

1957లో నంద్యాల సైకిళ్ళ వ్యాపారి మహానందయ్య పందెం పెట్టినాడు. నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు, ఇరవై అయిదు మైళ్ళు. మొదట వచ్చినోనికి రేసు సైకిలు, నెలజీతం, మద్రాసు దాకా పందేలకు పంపేది. యోహాను పరిగెత్తుకొని వచ్చె.

"అన్నా, గుండ్రంగా తిరిగినోడు తిన్నగా పోగలడా?"

నాకూ అదే తెలుసుకోవాలనిపించె. మొదట్లో సైకిలు ఊరికే ఎడమపక్కకు లాగేది, రెండుసార్లు కంపలో పడె. మూడునెలలకు బాణం మాదిరి పోతాండాడు. లూదియాకు కబురు పంపినాడు: ఆళ్లగడ్డకు రా, ముందుకు పొయ్యేది చూద్దువు.

పందెం దినం నన్ను శిరివెళ్లకాడ నంబర్లు రాసుకోమని నిలబెట్టినారు. అందరికన్నా అరమైలు ముందర యోహానే! ఎగిరి గంతేసినా. కానీ నా ముందరే, వాగు దాటే ఇరుకు మోరీ మింద, శెనక్కాయల బండి ఇరుసిరిగి అడ్డంగా పడుండాది. రెండు పక్కలా మోకాలులోతు నీళ్ళు. దిగి సైకిలు భుజానేసుకొని దాటితే నిమిషం పని.

యోహాను దిగలే. బండి ముందర గుండ్రంగా తిరగబట్టె.

"దిగప్పా! ఈడ దిగొచ్చు! భుజానేసుకో!" అని అరిస్తి. నా పక్క ఒకసారి చూసినాడు. మళ్ళా తిరిగినాడు. ఎవురన్నా ముట్టుకుంటే పందెం పోతాది, లేకుంటే కిందికి లాగేటోన్నే. వెనకోళ్ళు తొమ్మిదిమంది వచ్చిరి, దిగిరి, నీళ్ళలో దాటి పోయిరి. నేను గొంతు చించుకుంటాండా, ఆయప్ప తిరుగుతాండాడు. బండి పక్కకు లాగినంకనే కదిలినాడు.

ఎనిమిదిమందిని దాటినాడప్పా! అందరికన్నా ముందరున్న తొమ్మిదోవానికి మటుకు ఆళ్లగడ్డలో ఒక్క చక్రమంత వెనకపడె.

నేను బస్సులో ఆళ్లగడ్డ చేరేసరికి లూదియా ఆయప్ప పక్కన బిడ్డతో నిలబడి ఉంది. నాకు ఒళ్ళు మండిపోతాంది. "చెవుడా నీకు? అంత అరిస్తి గదా!"

యోహాను నేలచూపులు చూసె. "వాళ్ళు దిగితే వాళ్ళు ఓడిపోయినారనుకుంటి."

"నేను చెప్పింది ఇనపడలేదా?"

"ఇనపడిందన్నా. నీ గొంతు గుర్తుపట్టినా. అందుకే దిగలే."

ఆడనే కూలబడితి. అయ్యో, నా నోరు పడిపోనూ! ఆ మనిషి నోటికాడి కూడు తీసింది ఇరుసు కాదు, నేను.

లూదియా మటుకు హ్యాండిలు పట్టుకొని, "ముందుకు పోయినావు గదా, చాలు" అనె. మళ్ళా ఏడు దినాల చుట్లు తిరగలే ఆయప్ప. నా అంగట్లోనే పనికి కుదిరి సైకిలు నేర్పించబట్టె. పంతుళ్ళకు, నర్సమ్మలకు, రైతులకు. మొదటిదినం దిగేదే నేర్పిస్తాడు. "ఎక్కకుండానే దిగేదేందప్పా?" అని నేనంటే, "ఎక్కేది ఎవురైనా నేర్చుకుంటారన్నా" అంటాడు.

దిగు అనే మాట మూడేండ్లు ఆయప్పతో నేను అనలే. ఎప్పుడన్నా నోటిదాకా వస్తే మింగేసేటోన్ని. 1960లో ఒక పొద్దున, బయల్లో నర్సమ్మకు తొక్కి చూపిస్తాండాడు. నాకు ఏం తోచిందో, "యోహానూ, దిగప్పా, కాపీ తాగుదాం" అన్యా.

ఒక చుట్టు తిరిగినాడు. నా మొగం చూసినాడు. ఇంకో సగం చుట్టు తిరిగి, నా ముందర బ్రేకేసి, కాలు కింద పెట్టినాడు.