మత్రా రేవులో నా పోర్చుగీసు

నిక్షేపంలాంటి ఒక పెద్దమనిషిని ఇస్త్రీ బట్టలతో సహా సముద్రంలోకి తోసి, ఆ పూటే వాళ్ళింట్లో కడుపారా భోంచేసి వచ్చిన ఘనత నాది. ఆయనేమీ నాకు పగవాడు కాదు. మా ఇంజనీరుగారి కన్నతండ్రి. ఎలా జరిగిందో చెబుతాను, నవ్వుకోండి. ఇన్నేళ్ళ తర్వాత నాకూ నవ్వే వస్తోంది.

తొంభైల మొదట్లో మస్కట్‌లో, అజైబాలోని ఒక కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్‌గా ఉండేవాణ్ణి. మాది రాజోలు దగ్గర పల్లె. మా ఇంజనీరు దువార్తె పోర్చుగీసువాడు. ఆ చలికాలం అతని తల్లిదండ్రులు కొడుకుని చూడ్డానికి వచ్చారు. ఇద్దరికీ ఇంగ్లీషు ముక్క రాదు.

ఒకరోజు డ్రాయింగులు ఇవ్వడానికి వాళ్ళింటికి వెళ్ళాను. తలుపు తీసిన పెద్దావిడ నా భుజాలు పట్టుకుని రెండు బుగ్గల మీదా చెరో ముద్దు పెట్టేసింది. నాకు మీసాలొచ్చాక మా అమ్మ కూడా అంత సాహసం చెయ్యలేదు. చంకలోని డ్రాయింగుల చుట్ట జారి కిందపడింది.

"మా దేశంలో పలకరింపు అంతే, కంగారుపడకు" అన్నాడు దువార్తె నవ్వుతూ.

కాసేపటికి ఆవిడ కొడుకుని ఏదో అడిగింది. అందులో "సబావ్" అన్న మాట నా చెవిన పడింది. సబ్బు! ఎదురుగా వాష్‌బేసిన్ మీదున్న సబ్బు తీసి ఇచ్చాను. తర్వాత "తువాల్య" అంది. తువాలు ఇచ్చాను. "అననాష్" అనేసరికి బల్ల మీదున్న అనాసపండు అందించాను. దువార్తె నోరు తెరిచాడు.

"నీకు పోర్చుగీసు వచ్చా?"

రాదండీ, ఈ మాటలు మా ఊళ్ళోనూ వాడతాం అంటే సరిపోయేది. కానీ పాతికేళ్ళ లోపు వయసు అలాంటి నిజాలు చెప్పనిస్తుందా? "ఏదో, కొద్దిగా అండి" అన్నాను, మహా పండితుడు అణకువతో అన్నట్టు.

"అయితే శుక్రవారం మావాళ్ళకి మత్రా రేవు చూపించు. నాకు సైట్‌లో పనుంది."

కారు తోలింది కంపెనీ డ్రైవరు మస్తాన్, కడపవాడు. వెనక సీట్లో ఆ దంపతులు కూర్చున్నాక నా చెవిలో గొణిగాడు.

"అన్నా, నీకు పోర్చుగీసు యాడొచ్చు? మొన్న క్యాంటీన్లో మలయాళపాయన్ను నీళ్ళడగనీకే చేతులూపితివే!"

"పోర్చుగీసంటే తెలుగేరా బాబూ! కాస్త ముక్కుతో పలకాలి, అంతే."

"ఏమోన్నా. పెద్దోళ్ళు, బద్రం."

మత్రా సూక్‌లో, అంటే అక్కడి పాత బజారులో, పెద్దావిడ ప్రతి కొట్టు ముందూ ఆగి ఏదో చెప్పేది. నేను "సిం, సిం" అనేవాణ్ణి. అంటే అవునవునని. ఆ ఒక్క మాటతో సాంబ్రాణి కొట్లన్నీ దాటించేశాను. తర్వాత సముద్రం మీంచి పాత కోటలు చూపిద్దామని చిన్న పడవ మాట్లాడాను. మస్తాన్ ఒడ్డునే ఉండిపోయాడు.

ఆ కోటలు కట్టింది ఈ పోర్చుగీసు దంపతుల పూర్వులే. పెద్దాయన చేపల పడవల మీద బతికిన మనిషి. కోట కనపడగానే టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. పెద్దావిడ సన్నగా ఒక పాట అందుకుంది. నాకు తెలిసిన సబ్బు, తువాలు, అనాసల్లో ఒక్కటీ ఆ పాటలో లేదు. అయినా ఎందుకో మా ఇల్లు గుర్తొచ్చింది. పాట అయ్యేదాకా "సిం" అనడం కూడా మానేశాను. ఆ రోజు మొత్తం మీద నేను తప్పు చెయ్యని సమయం అదొక్కటే.

పడవ తిరిగి రేవు మెట్ల దగ్గరికి వచ్చింది. నేను ముందు దిగాను. పడవవాడు తాడు నా చేతికిచ్చాడు. పెద్దాయన ఒక కాలు మెట్టు మీద పెట్టాడు, రెండోది ఇంకా పడవలోనే ఉంది. ఇంతలో అలొచ్చి పడవ కాస్త వెనక్కి జరిగింది.

"పుష్! పుష్!" అని అరిచాడాయన.

పాపం, నాకోసం ఇంగ్లీషు కూడా నేర్చుకున్నాడే అనుకుని తెగ మురిసిపోయాను. తాడు వదిలేసి, రెండు చేతులతో పడవని తోశాను.

"పుష్! పుష్!"

ఇంకా గట్టిగా తోశాను.

పైనుంచి మస్తాన్ కేక: "ఏం జేచ్చాండావ్ అన్నా! లాగు! లాగు!"

అప్పటికే పెద్దాయన కాళ్ళు నా డ్రాయింగు కంపాసులా విచ్చుకుపోయాయి. దబ్బున నీళ్ళలో పడ్డాడు. టోపీ ఒక్కటే పైన తేలింది.

వెంటనే దూకేశాను. గోదావరి వాడు కదా, ఈదేసి ఉంటాడని మీరనుకోవచ్చు. నాకు ఈత రాదు. కడుపునిండా ఉప్పునీళ్ళు తాగాక ఎవరో కాలరు పట్టుకుని పైకి లాగారు. ఎవరో కాదు, పెద్దాయనే! ఒక చేత్తో మెట్టునీ, ఒక చేత్తో నన్నూ పట్టుకుని పగలబడి నవ్వుతున్నాడు.

"నా ఉద్యోగం పోయిందిరా మస్తానూ" అన్నాను కారెక్కుతూ.

"అది రేపటి మాటలే అన్నా. ముందు చొక్కా పిండుకో, సీటంతా నానిపోతాంది."

ఇంటికెళ్ళాక పెద్దాయన చేతులు తిప్పుతూ కథంతా అభినయించి చూపించాడు. పెద్దావిడ నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంటోంది. దువార్తె మాత్రం నావైపు తిరిగి నెమ్మదిగా చెప్పాడు.

"మా భాషలో 'పుష్' అంటే లాగమని."

నేల చీలితే బాగుణ్ణనిపించింది. కానీ పెద్దావిడ నాకు మొగుడిగారి పొడి బట్టలిచ్చి, బల్ల దగ్గర తన పక్కనే కూర్చోబెట్టుకుంది. నానబెట్టిన ఉప్పుచేప, ఉడికించిన బంగాళాదుంపలు, పైన ధారాళంగా ఆలివ్ నూనె. మా ఊరి ఎండుచేపకి పెద్దన్నలా ఉంది. తినడం అయిపోయినా ఎవరూ లేవలేదు, కబుర్లు సాగుతూనే ఉన్నాయి. వడ్డించినప్పుడల్లా ఆవిడ దగ్గర విన్న మాటే తిరిగి అప్పజెప్పాను: "ఒబ్రిగాద." అంటే కృతజ్ఞతలని.

వాళ్ళున్నన్నాళ్ళూ శుక్రవారం భోజనం నాకు అక్కడే. తిరుగు ప్రయాణం రోజున సీబ్ విమానాశ్రయానికి వెళ్ళాను. పెద్దాయన నన్ను గట్టిగా కావలించుకున్నాడు. నేను "ఒబ్రిగాద" అన్నాను. ఆయన కొడుకు చెవిలో ఏదో ఊదాడు. దువార్తె నవ్వు ఆపుకోలేక అటు తిరిగాడు.

"ఏమంటున్నారు సార్?"

"మగవాళ్ళు 'ఒబ్రిగాదు' అనాలి. 'ఒబ్రిగాద' అనేది ఆడవాళ్ళు. ఇన్నాళ్ళూ నువ్వు ఆడపిల్లలాగే చెబుతున్నావు. దిద్దబోతే మా అమ్మ ఒప్పుకోలేదు. కూతురు లేని లోటు తీరిందట!"

పెద్దావిడ నా బుగ్గల మీద చెరో ముద్దు పెట్టి, చెయ్యూపుతూ లోపలికి వెళ్ళిపోయింది. ఆ గాజు తలుపుల ముందు నిలబడి భీషణ ప్రతిజ్ఞ చేశాను: ఇక ఈ జన్మలో రాని భాష వచ్చని అనను. పడవలోంచి ఎవరు ఏమని అరిచినా, అర్థం విచారించుకున్నాకే చెయ్యి కదుపుతాను. అంతవరకూ వాళ్ళు ఒంటికాలి మీద ఓపిక పట్టాల్సిందే.