మోసినవాడి నాడి

అయ్యప్ప గుడివాడలో రైసుమిల్లు ముఠా కూలీ. పాతికేళ్లుగా డెబ్భై అయిదు కిలోల ధాన్యం బస్తాలు వీపున మోసినవాడు. బలం మాటొస్తే పేటలో అందరూ అతని పేరే చెప్పేవారు.

ఈమధ్య నాలుగు మెట్లెక్కినా ఆయాసపడుతున్నాడని భార్య నాగదుర్గ అతన్ని పామర్రులో పెట్టిన వైద్య శిబిరానికి బలవంతాన లాక్కెళ్లింది. డాక్టరు హర్షిణి పది నిమిషాలు ఊరికే కూర్చోబెట్టి నాడి చూసింది. నిమిషానికి తొంభై ఎనిమిది.

“ఖాళీగా కూర్చున్న మనిషికి ఇది ఎక్కువండీ. బరువులెత్తే వ్యాయామం చేసేవాళ్లలో కొందరికి నాలుగైదు నెలల్లో కాస్త తగ్గుతుంది.”

అయ్యప్ప నవ్వాడు. “నేనెత్తేవి బరువులు కావాండీ?”

ఆమె నవ్వలేదు. “వాళ్లు పదిసార్లెత్తి దింపుతారు. తిని, నిద్రపోతారు. మర్నాడు ఒంటికి సెలవిస్తారు. గుండె తేరుకునేది అప్పుడే. మీకు సెలవేదీ?”

బీపీ కూడా బాగా ఎక్కువుందని మాత్రలు రాసింది. బందరు వెళ్లి గుండె పరీక్ష చేయించుకోమంది. అప్పటిదాకా బస్తా ముట్టొద్దంది.

ఆరు రోజులు ఇంటిపట్టునే ఉన్నాడు. ఏడోనాడు ముఠా మేస్త్రీ బుచ్చిరాజు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

“ఇవాళ కూడా రాకపోతే నీ చోట్లో ఇంకొకణ్ణి పెట్టమంటున్నారు మావయ్యా, ఓనరు గారు. నా చేతుల్లో లేదు.”

అయ్యప్ప తలగుడ్డ అందుకున్నాడు. నాగదుర్గ చెయ్యి పట్టుకుని ఆపబోయింది. “పరీక్ష నాలుగు రోజుల్లోనే కదయ్యా!” అంది. విడిపించుకుని వెళ్లిపోయాడు. ఆ మధ్యాహ్నమే, లారీలోకి ఎక్కడానికి వేసిన బల్ల మీద, వీపున బస్తాతో సహా కూలిపోయాడు.

ప్రాణం దక్కింది. గుండె కండ చాలామటుకు దెబ్బతిందన్నారు. ఇక ఈ జన్మకి బస్తా మాట మర్చిపొమ్మన్నారు.

మూడు నెలలకి, ఆసుపత్రిలో వ్యాయామం నేర్పే శాంతి అతని చేతికి అరలీటరు నీళ్లసీసా ఇచ్చింది. “పదిసార్లెత్తండి బాబాయ్ గారూ. ఆగండి. మళ్లీ పది. తొందరేం లేదు.”

నాగదుర్గ రొయ్యల షెడ్డులో తలలు తీసే పనికి కుదిరింది. రోజూ బయల్దేరే ముందు అతని మణికట్టు పట్టుకుని లెక్కపెడుతుంది.

“డెబ్భై రెండయ్యా! ఎంత తగ్గిందో చూడు!” అంది ఒకరోజు, కళ్లనిండా ఆశతో.

అతను తలూపాడు. పనిచేసే రోజుల్లో తను పట్టించుకోని గుండె, పనే లేని రోజుల్లో కుదుటపడి ఏం చేస్తుందో అతనికి తోచలేదు. ఆమె వెళ్లాక సీసా ఎత్తడం మొదలుపెట్టాడు. ఏడోసారికే ఆపేశాడు. దాన్ని నేలమీద పెట్టేసి, గోడవైపు తిరిగి పడుకున్నాడు.